ఆగస్టు అడవికి నల్లద్దాలు

సైకిల్ పందేనికి కాళ్లలో బలముంటే చాలనుకుంటారు చూసేవాళ్లు. చిరంజీవి కూడా అలాగే అనుకునేవాడు, రవీందర్ బావ చెప్పేదాకా. రవీందర్ అతని మేనమామ కొడుకు, భద్రాచలంలో సైకిల్ షాపులో మెకానిక్. సీటు ఎంత ఎత్తుండాలన్నా, టైరులో గాలి ఎంత కొట్టాలన్నా వాళ్ల కోయగూడెంలో అతని మాటే మాట. చిరంజీవి సంగతి చెప్పనే అక్కర్లేదు. బావ ఒకటి చెప్పాక మళ్లీ ఆలోచించడం అనే పనే పెట్టుకునేవాడు కాదు.

రెండువేల ఏడు ఆగస్టులో గిరిజన కుర్రాళ్లకు చింతూరు నుంచి భద్రాచలం దాకా పందెం పెట్టారు. మొదట వచ్చినవాడికి హైదరాబాద్‌లో స్పోర్ట్స్ హాస్టల్ సీటు. చదువు, తిండి, కోచింగ్ అన్నీ అక్కడే. ఇరవై నిండినవాళ్ల పేరు రాసుకోరు. చిరంజీవికి అక్టోబరులో నిండుతాయి. అంటే అతనికున్నది ఈ ఒక్క పందెమే. అంతకుముందు ఏడాది జరిగిన పందెం రవీందర్‌కు ఆఖరి అవకాశం. చైన్ తెగి ఓడిపోయానని చెప్పుకున్నాడు. గూడెమంతా అయ్యో అంది.

ఏప్రిల్‌లో, అందరూ బీడీలకు వాడే తునికాకు కోతకు పోతున్న రోజుల్లో, రవీందర్ సంచి నిండా సామాను తెచ్చి చిరంజీవి ముందు పరిచాడు. హెల్మెట్, సగం వేళ్లే ఉన్న గ్లౌజులు, కూర్చునేచోట మెత్త కుట్టిన నిక్కరు. ఆ నిక్కరును అటూ ఇటూ తిప్పి చూసి చిరంజీవి తల్లి జంపక్క నవ్వు ఆపుకోలేకపోయింది.

"ఏందిరా ఇది, పరుపు తొడుక్కొని పోతవా పందేనికి?"

"నవ్వకత్తా. అరవై కిలోమీటర్లు సీటు మీద కూసుంటే తెలుస్తది," అన్నాడు రవీందర్.

చివరికి కళ్లద్దాలు తీశాడు. ఫ్రేము ఒకటే, అద్దాలు మాత్రం రెండు జతలు. వేలితో నొక్కి మార్చుకోవచ్చు. ఒక జత నలుపు, ఒక జత పసుపు. అద్దాలెందుకని చిరంజీవి అడగలేదు. దిగుడులో దూసుకుపోయేటప్పుడు కంట్లో పురుగు పడితే ఏమవుతుందో అతనికి అనుభవమే. రెండు జతలూ మార్చి మార్చి పెట్టుకుని చింతూరు రోడ్డు మీద తొక్కి చూశాడు. టేకు చెట్లు ఆకంతా రాల్చేసి మోళ్లలా నిలబడ్డ కాలం అది. అడవి మధ్యలో కూడా తారు మీద ఎండ మండిపోతోంది. పసుపువి పెట్టుకుంటే కళ్లలో పొడిచినట్టుంది. నల్లవి హాయిగా ఉన్నాయి.

"నల్లయే మంచిగున్నయ్ బావా. మరి పసుపువి ఎందుకిచ్చిన్రు?"

"సోకులకు. పట్నం పోరగాళ్లు పొద్దుగూకినంక పెట్టుకొని తిరుగుతరు. నీకు నల్లయే."

పసుపు అద్దాలను గుడ్డలో చుట్టి రవీందర్ తన జేబులోనే వేసుకున్నాడు. జులైలో నాట్ల పని అయ్యాక, నల్లద్దాలు పెట్టుకుని తొక్కుతానన్నాడు చిరంజీవి. గీతలు పడతాయి, పందెం దాకా బయటికి తియ్యొద్దన్నాడు బావ. తియ్యలేదు. ఏ నెలలో ఏ చెట్టు చిగురిస్తుందో నిద్రలో లేపి అడిగినా చెప్పగల కుర్రాడు, ఏప్రిల్ ఎండలో ఎంచుకున్న అద్దాలు ఆగస్టు అడవిలో పనికొస్తాయా అని ఒక్కసారైనా అనుకోలేదు. అలాంటివి బావ చూసుకుంటాడు గదా మరి.

పందెం నాడు వాన లేదు. రవీందర్ తన చేతులతో హెల్మెట్ పట్టీ బిగించాడు. అద్దాలకు వెనక రబ్బరు తాడు కట్టి, దాన్ని హెల్మెట్ కిందికి దూర్చాడు.

"ఎంత ఊగినా ఊడవు. ఇగ పో," అని వీపు తట్టాడు.

సగం దారి దాటేసరికి చిరంజీవే ముందున్నాడు. వెనక్కి తిరిగి చూస్తే ఎవరూ కనపడనంత ముందు. పొలాల మధ్య రోడ్డంతా తెల్లటి ఎండ. తరువాత దిగుడు, అడవి. వానలకు టేకాకులు చేటలంత పెరిగి రోడ్డు మీద రెండువైపుల నుంచీ కప్పేశాయి. ఆ నీడలోకి దూరగానే చిరంజీవికి కళ్లు పోయినట్టయింది. రోడ్డు లేదు, చెట్టు లేదు, అంతా నలుపే. అద్దాలు లాగేద్దామని ఒక చెయ్యి వదిలాడు. తాడు హెల్మెట్ కింద పట్టేసి రాలేదు. రెండో చేత్తో బ్రేకు నొక్కేలోపే రోడ్డు కింద వాగునీళ్లు పోయే మోరీ గోడ తగిలింది.

అతన్ని లేపి కూర్చోబెట్టింది బొజ్జయ్య. ముసలి ఫారెస్టు వాచర్. పందెం జరిగిన ప్రతిసారీ ఆ మోరీ దగ్గరే కాపలా ఉంటాడు. చిరంజీవి కుడి భుజం వేలాడుతోంది. ఒక సైకిల్ దాటిపోయింది. ఇంకొకటి. తరువాత గుంపుగా నాలుగు. బొజ్జయ్య హెల్మెట్ విప్పి, అద్దాలు చేతిలోకి తీసుకుని విసుక్కున్నాడు.

"మీ ఇంటోళ్లకు ఈ నల్లద్దాల పిచ్చేందిరా? పోయినేడు మీ బావ కూడ గీన్నే పడ్డడు. లోపటికి రాంగనే గుడ్డోన్నయిన తాతా అన్నడు. ఆ అద్దాలు రాయికేసి కొట్టిండు."

"బావది చైన్ తెగింది తాతా."

"చైన్ మంచిగనే ఉండె. నేనే లేపి ఎక్కించిన గదా."

హాస్టల్ పోయింది. ఆ సంగతి సైకిళ్లు దాటిపోతున్నప్పుడే తెలిసింది, ఏడుపూ వచ్చింది. ఇప్పుడు ఆ ఏడుపు ఆగిపోయింది. చిన్నప్పుడు తనకు సైకిల్ నేర్పుతూ సీటు పట్టుకుని వెనక పరిగెత్తిన మనిషి, తెలిసి తెలిసి తనను ఈ గోడ మీదికి పంపాడు.

దవాఖానాలో కట్టు కట్టించి, ఆటో మాట్లాడి, సాయంత్రానికి ఇంటికి చేర్చింది రవీందరే. జంపక్క కోడిని కోసి వండింది. మేనల్లుడికి వడ్డించి, నీళ్లు తేవడానికి బోరింగు దగ్గరికి పోయింది. అప్పుడడిగాడు చిరంజీవి.

"పోయినేడు నువ్వు మోరీ కాడ పడ్డవంట."

రవీందర్ కలుపుతున్న ముద్ద పళ్లెంలోనే వదిలేశాడు. ఏదన్నా అబద్ధం చెబుతాడేమో, చెబితే నమ్మేద్దామని చిరంజీవి సిద్ధంగా ఉన్నాడు.

"నువ్వు గెలుస్తవని నాకు ఎరికే," అన్నాడు రవీందర్. "నేను పోలేని కాడికి నువ్వు పోతవ్. పేపర్ల ఫోటో పడ్తది. మళ్ల ఊరికొచ్చి బావా అని పిలుస్తవ్. అది నాతోని కాలె. పసుపువి నీడల మంచిగ కనపడ్తయని తెలిసే దాచిన. దెబ్బ తగుల్తదనుకోలే. కొంచెం ఎనకపడ్తవ్ అనుకున్న, అంతే."

"అంతేనా బావా?"

జంపక్క బిందె దించి వచ్చి కూర్చుంది. "అల్లుడు లేకుంటే నువ్వు ఆ రోడ్డు మీదనే పడి ఉంటుంటివి," అంది కొడుకుతో. "వచ్చే ఏడు కూడ నువ్వే దగ్గరుండి అన్నీ చూడాలె అల్లుడా."

"వచ్చే ఏడు లేదమ్మా," అన్నాడు చిరంజీవి. "ఇరవై దాటితే పేరు రాసుకోరు. బావకు తెలుసు."

"అవునా అల్లుడా?"

"అవ్ అత్తా," అన్నాడు రవీందర్, తల ఎత్తకుండా.

అదంతా తన కొడుకు కోసం పడుతున్న బాధే అనుకుంది జంపక్క. పాపం, పొద్దటి నుంచి ఏమీ తినలేదని అతని పళ్లెంలో ఇంకో రెండు ముక్కలు వేసింది. కుడిచెయ్యి కట్టులో ఉన్న కొడుక్కి తినిపించాలన్న సంగతి ఆమెకు ఆ తరువాతే గుర్తొచ్చింది.