రెండు వేళ్ల బిగింపు

ఫ్యాక్టరీలో బాయిలర్లు బిగించి రిటైరైన మామగారి చేతికి తెలిసిన విద్య ఒక్కటే: మర కుయ్యోమనే దాకా తిప్పడం. ఆయన మూత పెట్టిన డబ్బాను ఇంట్లో ఇంకెవరూ తియ్యలేరు. అదే చేత్తో కోడలి మోటార్‌సైకిల్‌కి ముందు అద్దాన్ని స్టీలు బోల్టులతో బిగిస్తే, అది కాస్తా ఈ మూల నుంచి ఆ మూలకు పగిలింది. కోడలు పల్లెత్తు మాట అనలేదు. ఆయనకు మింగుడు పడనిది అదే. ఆ తర్వాత ఏ చిన్న పనికైనా బండిని బయట మెకానిక్ దగ్గరికే తీసుకెళ్తోంది. జీవితమంతా పనిముట్లు పట్టిన మనిషికి తల కొట్టేసినట్టయింది.

కొత్త ప్లాస్టిక్ అద్దం ఇంటికి రాగానే, ఈసారీ తానే బిగిస్తానని బతిమాలినంత పని చేశారు. కోడలు కాసేపు ఆలోచించి సరేనంది. ఆ కాసేపూ ఆయనకు ముళ్ల మీద కూర్చున్నట్టే ఉంది.

బోల్టుల కొట్టుకి వెళ్లి, ఉన్నవాటిలో గట్టివి చూపించమన్నారు. కొట్టావిడ సంగతంతా అడిగి తెలుసుకుని, నైలాన్ స్క్రూలూ, లోపల నట్టు పొదిగిన రబ్బరు గొట్టాలూ ముందు పెట్టింది. మామగారు ఒంటికాలి మీద లేచారు. మోటార్‌సైకిల్‌కి ప్లాస్టిక్ స్క్రూలేమిటి, బొమ్మ బండి అనుకుంటున్నావా అని దులిపేశారు.

"బండి పడిందనుకోండి బాబాయ్, ఏదో ఒకటి విరగక తప్పదు," అందావిడ తాపీగా. "స్క్రూ విరగాలా, అద్దం విరగాలా, మీరే చెప్పండి."

విరగడానికే పుట్టిన స్క్రూ సంగతి ఆయన బుద్ధెరిగాక వినలేదు. ఆయన లెక్కలో బోల్టు విరిగిందంటే బిగించినవాడి పరువు పోయినట్టే. అయినా పగిలిన అద్దం గుర్తొచ్చి ఆవిడ చూపించినవే, గుప్పెడు స్క్రూలు ఎక్కువగా కొన్నారు.

ఎక్కువ కొనడమే మంచిదైంది. పాత బకెట్ మూతకి బెజ్జాలు పెట్టి, వాటిలో రబ్బరు గొట్టాలు దూర్చి సాధన మొదలుపెడితే, మొదటి స్క్రూ తల టప్పున ఊడిపడింది. రెండోదీ అంతే. అత్తగారు వంటింటి గుమ్మంలోంచి చూసి, పాపం అదేం చేసిందండీ మిమ్మల్ని అన్నారు. ఆయనకు కోపమూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. పిడికిలితో లాభం లేదని స్క్రూడ్రైవర్‌ని రెండు వేళ్లతో పట్టుకున్నారు. రబ్బరు వెనకవైపు ఉబ్బి మూతను కరుచుకోగానే ఆపేశారు. చెయ్యి మాత్రం ఇంకొక్క చుట్టు, ఒక్కటంటే ఒక్కటి అని మారాం చేస్తూనే ఉంది.

చెయ్యి మాట వింటోందని నమ్మకం కుదిరాకే బండి దగ్గరికి వెళ్లారు. స్క్రూలన్నీ ముందు వదులుగా పెట్టి, అద్దం బండి ముందు తొడుగు మీద సరిగ్గా కూర్చున్నాక, ఒక్కోదాన్నీ కొంచెం కొంచెంగా బిగించారు. కోడలు వచ్చి అద్దాన్ని అటూ ఇటూ కదిపి చూసింది. హెల్మెట్ పెట్టుకుని బండెక్కి వెళ్లిపోయింది. తిరిగొచ్చే దాకా ఆయన ప్రాణాలు ఉగ్గబట్టుకుని గేటు దగ్గరే పచార్లు చేశారు.

బండి వచ్చి ఆగింది. అద్దం చెక్కు చెదరలేదు. పెద్ద రోడ్డు మీద ఎంత వేగంగా పోయినా గడగడలాడలేదని కోడలు చెబుతుంటే ఆయనకు ఏనుగెక్కినంత సంబరమైంది.

ఆమె హెల్మెట్ తీసి, వంగి ముందు చక్రం వైపు చూసింది.

"మామయ్యా, ఆదివారం మీకు ఖాళీయేనా? బ్రేకులు చూడాలి."

ఖాళీయేనని ఆయన గబగబా తలూపారు.

"అవి మాత్రం మీ పాత చేత్తోనే బిగించండి," అంది కోడలు నవ్వుతూ.