గార్సైడ్ మేత తిన్న చేపలు

క్షమించడం హెస్టర్‌కు చేతకాదు. నేర్చుకోవాలని కూడా ఆమె ఎప్పుడూ అనుకోలేదు. ఏళ్ల కిందట చేపల పందెంలో, ఆమె భర్త అంబ్రోస్ ఎక్కడో చెరువులో పట్టిన చేపల్ని తెచ్చి తన వలసంచిలో కలిపాడని తోటి పోటీదారు గార్సైడ్ అందరి ముందూ అన్నాడు. పచ్చి అబద్ధం. అయినా అంబ్రోస్ నోరు విప్పలేదు. గాలం కర్ర అటకెక్కించి, పూడిపోయిన పాత కాలువలో బురద తవ్వే జట్టులో చేరాడు. ఇప్పుడా కాలువలో మళ్లీ పడవలు తిరుగుతున్నాయి. ఈ ఆదివారం అక్కడ తొలి పందెం. అంబ్రోస్ కర్ర దించాడు. ఎవరు గెలిచినా సరే, కప్పు మాత్రం గార్సైడ్‌కు దక్కకూడదని హెస్టర్ పంతం.

చీట్లు తీస్తే గార్సైడ్‌కు మంచి చోటే వచ్చింది. దానికి దిగువన, లాకు పక్కన, ఎవరికీ అక్కర్లేని చోటు అంబ్రోస్‌కు పడింది. పడవ దాటాలంటే లాకు నింపాలి, నింపినప్పుడల్లా కాలువ నీళ్లు అటు లాగుతాయి.

“నీకు తగ్గ చోటే వచ్చిందిలే అంబ్రోస్. దగ్గర్లో చెరువు లేదు పాపం” అన్నాడు గార్సైడ్.

ఆ మాట హెస్టర్ చెవిన పడింది. ఆ రోజు లాకు తిప్పే వంతు ఆమెదే. నీళ్లు వృథా కాకుండా రెండేసి పడవల్ని కలిపి దాటించడం అక్కడి పద్ధతి. ఆమె మాత్రం వచ్చిన పడవను వచ్చినట్టే, ఒక్కొక్కదాన్నీ నవ్వుతూ సాగనంపింది. ఎంత మంచి మనిషి అనుకున్నారు పడవవాళ్లు. దాటిన ప్రతిసారీ గార్సైడ్ బెండు కొట్టుకుపోయేది, వాడు విసిరిన మేత ముద్దలు కరిగి దొర్లిపోయేవి. హెస్టర్ కడుపు చల్లబడింది.

ఆ మేత ఎక్కడికి పోతుందో ఆమె ఆలోచించలేదు. అది అంబ్రోస్ ముందుకు చేరింది, దాని వెనకే బ్రీమ్ చేపలు వచ్చాయి. ఒకదాని తర్వాత ఒకటి లాగుతుంటే గట్టంతా అతని చుట్టూ మూగింది.

కాటా మోసుకుని పందెం నడిపే పెద్దమనిషి వచ్చాడు. అంబ్రోస్ బరువైన సంచిని అందరికీ కనిపించేలా ఎత్తి, తూచకముందే కాలువలోకి గుమ్మరించేశాడు.

“ఇవి నీ మేత తిన్న చేపలు, గార్సైడ్. నాది కానిది నా సంచిలో ఉంచుకోను. అప్పుడూ ఉంచుకోలేదు.”

కప్పు గార్సైడ్‌కే ఇచ్చారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు.

ఇంటికి నడుస్తూ అంబ్రోస్ అడిగాడు. “పడవల్ని జంటగా పంపలేదేం?”

“వాళ్లకు తొందరగా ఉందన్నారు.”

“వాడు నన్ను దొంగ అని అన్నాడంతే. నువ్వు నిజంగానే దొంగను చేసేదానివి, హెస్టర్.”

ఆమెకు తల కొట్టేసినట్టయింది. కానీ ఆ కప్పు ఎక్కడ దాచుకోవాలో తెలియక గార్సైడ్ దాన్ని కోటు కింద దోపుకున్న తీరు గుర్తొచ్చి, భర్త చూడకుండా మొహం పక్కకు తిప్పుకుని నవ్వుకుంది.