మూడు పిడుగులు

గుండ్లకమ్మ మీది పాత రైలు వంతెనను కూల్చేలోపు దాని చరిత్రను రాతిపలక మీద చెక్కించాలని ఇంజనీరు ఫిరోజ్ పట్టుబట్టాడు. ఆ కథ చెప్పడానికి కొండయ్య ఇస్త్రీ చొక్కా తొడుక్కుని వచ్చాడు. పిలవకపోయినా ఏబేలు కూడా వచ్చాడు. ఆ చొక్కా చూడగానే అతనికి ఒళ్లు మండింది.

అరవై ఏళ్ల కిందటి వరదకు వంతెన పక్క గట్టు కోసుకుపోయింది. కొండయ్య నాయన ఎర్ర తుండు ఊపి ప్యాసింజరు బండిని ఆపాడని ఊరంతా చెప్పుకుంటుంది. ఆ సాయంత్రం వంతెన కాపలా ఏబేలు నాయన పాల్ రాజుది. మనిషి మళ్లీ కనిపించలేదు. డ్యూటీ వదిలి పారిపోయాడని రైల్వేవాళ్లు రాసేశారు. ఏబేలు తల్లి చచ్చేదాకా పారిపోయినోడి పెళ్లాంగానే బతికింది. ఏబేలు అదే పట్టాల మీద ముప్పై ఏళ్లు గ్యాంగ్‌మన్‌గా ఒళ్లు హూనం చేసుకున్నా ఆ మాట అతన్ని వదల్లేదు. ఇప్పుడది రాతికెక్కితే ఇక చెరిపేదెవరు? అడ్డం పడాలనే వచ్చాడు గానీ, చేతిలో రుజువంటూ ఏమీ లేదు.

"ఏందిరా, పారిపోయినోడి కథ కూడా చెక్కిస్తావా?" అన్నాడు కొండయ్య.

"ముందు నువ్వు చెప్పన్నా."

కొండయ్య గొంతు సవరించుకున్నాడు. పలక పెద్దది కదా, ఇంట్లో దాచుకున్న ముచ్చట కూడా బయటికి తీశాడు. "మా నాయన గట్టెక్కే టయానికి పిడుగులు పడినాయి సార్. మూడు, వరసగా. దేవుడే తోడొచ్చినాడనుకోని తుండు ఊపినాడు. బండి నిదానంగా వచ్చి ఆగింది."

ఏబేలు ఒక అడుగు ముందుకేశాడు. "ఎన్ని పిడుగులు?"

"మూడు! చెవుడా నీకు?"

"ఏ దిక్కున?"

"బండి వచ్చే దిక్కున."

ఏబేలు ఫిరోజ్ వైపు తిరిగాడు. "సార్, గట్టు తెగితే కాపలా మనిషి ఏం చేయాల?"

"బండికి ఎదురు పరిగెత్తి పట్టాల మీద పేలుడు బిళ్లలు బిగించాలి. చక్రం ఎక్కగానే పేలతాయి, డ్రైవరు బ్రేకు వేస్తాడు." ఫిరోజ్ పెన్ను ఆగిపోయింది. "వరసగా మూడు."

కొండయ్య మొహం మాడిపోయింది. "రెండేమోలే సార్. ముసలాయన ఏదో..."

"అరవై ఏండ్లు మూడు, ఇప్పుడు రెండయినాయా?" ఏబేలు అతని కాలరు దొరకబుచ్చుకున్నాడు. "మా నాయన బిళ్లలు పెట్టి తిరిగొస్తా గండిలో పడి చచ్చినాడు. మీ నాయన ఊపింది ఆగే బండికి!"

ఫిరోజ్ విడిపించబోయి కుదరక, రాసిన కొండయ్య నాయన పేరు కొట్టేసి ఏబేలు వైపు చూశాడు. "మీ నాయన పేరు చెప్పండి."

"నేను చెప్పను సార్. ఈయన చెప్పాల."

ఇన్నేళ్లలో ఆ పేరు కొండయ్య నోట ఒక్కసారీ రాలేదు. వంతెన కూల్చడానికొచ్చిన కూలీలు చుట్టూ చేరి చూస్తున్నారు.

"పాల్ రాజు," అని గొణిగాడు.

ఏబేలు కాలరు వదల్లేదు. "గట్టిగా చెప్పు."