పైనుంచి తీసిన సీసా

ట్రాన్స్‌ఫార్మర్లలో వాడిన నూనె కొని, శుద్ధి చేసి, మళ్లీ అమ్మడం నా వ్యాపారం. ఇందులో సరుకుకన్నా ముందు నమ్మకం అమ్ముడుపోవాలి. నా సరుకు మీద సంతకం పెట్టేది మా బావ, అక్క భర్త. పరీక్షాశాలలో ఇరవై రెండేళ్ల ఉద్యోగం.

నూనె తొందరగా పాడవకుండా ఒక తెల్లపొడి కలుపుతాం. మందు అంటాం. నూనెను కాపాడుతూ అదే తరిగిపోతుంది. ఎంత మిగిలిందో కంటికి కనబడదు. బావ కాస్త నూనెను ద్రావకంలో పోసి కుదిపి, పైన తేరినదాంట్లో సన్నని కడ్డీ ముంచేవాడు. కరెంటు ఒత్తిడి కొద్దికొద్దిగా పెంచితే తెరమీద గీత ఒకచోట లేచి దిగుతుంది. ఆ మిట్ట ఎంత ఎత్తుంటే మందు అంత ఉన్నట్టు.

అమ్మేవాడు తెచ్చిన సీసా బావ ముట్టడు. తానే వచ్చి ట్యాంకు అడుగునుంచి తీసుకుంటాడు.

ఆ రోజు మోకాలు వాచి ఆయన రాలేకపోయాడు. నూనె కొన్న ఐస్ ఫ్యాక్టరీ లారీ నా గేటు ముందు ఆగి ఉంది. మందు పోసి గంటే అయింది. పంపు ఆరు గంటలు తిప్పితేగాని ట్యాంకంతా కలవదు, అప్పటిదాకా మందంతా పైపైనే ఉంటుంది. నేను పైనుంచి సీసా ముంచి పట్టుకెళ్లాను.

"అడుగునుంచేనా?"

"నీకెప్పుడైనా అబద్ధం చెప్పానా బావా?"

"పెళ్లిచూపుల్లో చెప్పావుగా, మా అక్కకి నోట్లో నాలుక లేదని."

నవ్వుతూ సీసా అందుకున్నాడు. మిట్ట బాగా లేచింది. సంతకం పెట్టాడు.

ఎనిమిది నెలలకు ఆ నూనె నల్లబడి మడ్డి కట్టింది. బావ సంతకమున్న కాగితం ఆయన పైఅధికారి బల్లమీదికి చేరింది. నన్నూ పిలిపించి వరండాలో బల్లమీద కూర్చోబెట్టారు. తలుపు తెరిచే ఉంది.

"శాంపిల్ ఎవరు తీశారు?"

"నేనేనండీ," అన్నాడు బావ.

నాలుగడుగులు వేస్తే గదిలో ఉండేవాణ్ని. లెక్కేశాను. నోరు విప్పితే నా షెడ్డు మూతపడుతుంది, విప్పకపోతే ఆయనకు చీవాట్లతో పోతుంది. జీవితంలో అంత తప్పు లెక్క మరొకటి వెయ్యలేదు. ఆయన్ని పరీక్షల నుంచి తప్పించి, పాత ఫైళ్ల గదికి పంపారు.

బయటికి వచ్చాక, "వెళ్లి నిజం చెప్పేస్తా బావా," అన్నాను.

"లోపల నేనున్నప్పుడు రావాల్సిందిరా."

ఇప్పటికీ వాళ్లింటికి వెళ్తే పిల్లల చదువులు, నా బీపీ, అన్నీ అడుగుతాడు. నూనె సంగతి ఎత్తడు. నేను ఎత్తబోతే, "భోంచేసి వెళ్లు," అని లేచి, మెల్లగా వంటింట్లోకి వెళ్లిపోతాడు.