చల్లారాక తీసే కొలత

“ఇంటికొస్తూనే ఆ మొహం మాడ్చుకోవడమేంటే?” అన్న మాట పెళ్లయిన పదకొండేళ్లలో ఆవిడ ఎన్నిసార్లు విన్నదో చెప్పడం కష్టం. అత్తగారు అంటుంది, భర్త అంటాడు, ఈ మధ్య నాలుగో క్లాసు చదివే కూతురు కూడా అనడం నేర్చుకుంది. సాయంత్రం ఆవిడ గుమ్మంలో ఒక చెప్పు విడిచి రెండోది విడవకముందే, భుజాన సంచీ భుజాన ఉండగానే, “టీ పెడుదువుగాని రా”, “నా నీలం చొక్కా ఎక్కడ పెట్టావ్?”, “అమ్మా, లెక్కలు!” అంటూ మూడు గొంతులూ ఒక్కసారే మీద పడతాయి. ఒక్క నిమిషం ఆగండర్రా అనేసరికి ఆవిడ గొంతు కాస్త లేస్తుంది. లేచిందంటే చాలు, “మా ఆవిడకు కోపం ఎక్కువ” అని భర్త చుట్టాల ముందు నవ్వుతూ చెప్పే మాటకు ఇంకో సాక్ష్యం దొరికినట్టే. వినగా వినగా ఆవిడా నమ్మేసింది. నాకు కోపం ఎక్కువ కాబోలు అనుకుంటూనే రోజూ టీ పెట్టేది.

ఆవిడ పనిచేసేది కరెంటు కొలిచే మీటర్లు బాగుచేసే వర్క్‌షాపులో. మొదట్లో ప్యాకింగ్ బల్ల దగ్గర అట్టపెట్టెలకు టేపు వేసేది. కరిగించిన లోహంతో ముక్కల్ని అతికే సోల్డరింగ్ మనిషి రాని ఒక రోజున పెద్దసారు పిలిచి, పని ఎలా చేయాలో చూపించి కూర్చోబెట్టాడు. మూడో అతుకుకే అందరూ వచ్చి చూశారు. అంత నున్నగా వచ్చింది. “ఆడవాళ్ల వేళ్లు సన్నగా ఉంటాయిగా, అందుకని” అని ఆయన తేల్చేశాడు. అప్పట్నుంచి ఆరేళ్లుగా మెచ్చుకోళ్లన్నీ వేళ్లకే. తప్పెక్కడుందో కనిపెట్టడం సార్ల పని, వాళ్లు చూపించిన చోట అతకడం ఆవిడ వేళ్ల పని. ఆ వేళ్లకు పైన ఓ తలకాయ కూడా ఉందనీ, అది భోజనాల వేళ మీటర్లతో వచ్చే పుస్తకాలన్నీ చదివేస్తోందనీ ఎవరికీ పట్టలేదు.

ఆ రోజు పెద్ద మీటరు మొరాయించింది. మిగతా మీటర్లన్నిటికీ అదే గురువు, దాంతోనే వాటిని సరిచూస్తారు. సరిగ్గా పది వోల్టులు ఇస్తే పద్నాలుగు మిల్లీవోల్టులు ఎక్కువ చూపిస్తోంది. నాలుగింటికి తనిఖీ అధికారి వస్తాడు. అప్పటికి అది నిజం చెప్పకపోతే వర్క్‌షాపు అనుమతి ఆగిపోతుంది. బోర్డు మొత్తం పోయిందని పెద్దసారు తల పట్టుకున్నాడు. ఆవిడ భూతద్దం తీసుకుని బోర్డంతా గాలించి, ఓ మూల చింతగింజంత రెసిస్టర్ మీద వెంట్రుకలాంటి పగులు చూపించింది. కరెంటును ఇంత అని కచ్చితంగా అడ్డుకునే ముక్క అది. దాని మాట తప్పితే మీటరు మాట మొత్తం తప్పుతుంది.

“బోర్డు బాగానే ఉంది సార్. దొంగ ఇదీ.”

“నీకెలా తెలుసమ్మా?”

“కళ్లతో చూశాను సార్. వేళ్లతో కాదు.”

ఆయన గడియారం వైపు చూశాడు. “సరే, మార్చు. తేడా వచ్చిందంటే మాత్రం మళ్లీ ప్యాకింగ్ బల్లే.”

బీరువాలో అలాంటి రెసిస్టర్ ఒక్కటంటే ఒక్కటే ఉంది. దాన్ని పాడుచేస్తే ఇంకోటి లేదు. ఆవిడకు భయం వేయాలి నిజానికి, కానీ లోపల్నుంచి ఓ హుషారు తన్నుకొచ్చింది. పాతదాన్ని ఊడదీసింది. కొత్తదాని ఒంటికి వేలు తగలనివ్వకుండా, వేడి లోపలికి పాకకుండా దాని తీగ కాడను పట్టకారుతో పట్టుకుని, చటుక్కున అతికేసింది. చుట్టూ జిగురు లేకుండా స్పిరిట్‌తో తుడిచింది. మూత బిగించి, ఓ కాగితం మీద పెద్ద అక్షరాలతో “వేడి మీద ఉంది. గంటసేపు ముట్టుకోవద్దు” అని రాసి మీటరుకు అంటించింది. అప్పటికి రెండున్నర.

ఆవిడ చేతులు కడుక్కుని వచ్చేసరికి పెద్దసారు మీటరుకు పది వోల్టులు ఇచ్చి చూడనే చూశాడు. రెండు మిల్లీవోల్టులు ఎక్కువ. “అనుకున్నా!” అంటూ స్క్రూడ్రైవర్ తీసి, రీడింగు సరిదిద్దే స్క్రూ మీద పెట్టబోయాడు. ఆవిడ గబుక్కున అరచెయ్యి అడ్డం పెట్టింది.

“ఇప్పుడు తిప్పితే దాని వేడికి సరిపోతుంది సార్, దానికి సరిపోదు. చల్లారాక తక్కువ చూపిస్తుంది. పోయినేడాది గుర్తుందిగా?”

పోయినేడాది ఆయన వేడి మీదే తిప్పేస్తే, వారం రోజులు సరిచూసిన మీటర్లన్నీ తిరుగుటపాలో వచ్చాయి. అందరికీ గుర్తుంది, అన్నవాళ్లే లేరు. ఆయన దగ్గాడు.

“గంట ఆగినా రాకపోతే?”

“ప్యాకింగ్ టేపు ఎక్కడుంటుందో నాకు తెలుసు సార్.”

ఆయన స్క్రూడ్రైవర్ జేబులో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఆవిడ మీటరు పక్కనే కాపలా కూర్చుంది. వచ్చినవాళ్లు వచ్చినట్టే కాగితం చదివి, అడుగు శబ్దం కూడా తగ్గించుకుని పోతున్నారు. ఎంత మర్యాదో! ఓ చింతగింజకు ఒక్క క్షణం సోల్డరింగ్ ఐరన్ తగిలితే గంట విశ్రాంతి. నేనో, పొద్దున అయిదింటికి పొయ్యి ముందు నిలబడితే సాయంత్రం దాకా వేడి మీదే ఉంటాను, అనుకుంది. ఇంట్లో వాళ్లు నా రీడింగు తీసేది ఎప్పుడు? గుమ్మంలో, ఒక చెప్పుతో నిలబడి ఉన్నప్పుడు. అది చూసి కోపం ఎక్కువ అని రాసేసుకున్నారు. పదకొండేళ్లలో ఒక్కరైనా చల్లారాక కొలిచారా? అసలు నేనైనా కొలుచుకున్నానా? ఆవిడకు ఒళ్లు మండాల్సింది పోయి నవ్వు ఆగలేదు. మీటరు కదిలిపోతుందేమోనని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

మూడున్నరకు పది వోల్టులు ఇచ్చారు. పది, ఆ వెనక వరసగా సున్నాలు. చిట్టచివరి అంకె ఒక్కటే ఒకటికీ సున్నాకీ మధ్య ఊగుతోంది. ఆవిడకు ఎగిరి గంతేయాలనిపించింది. తనిఖీ అధికారి చూసి, ఎవరు మార్చారని అడిగాడు. పెద్దసారు “ఈవిడ వేళ్లు...” అని మొదలుపెట్టి, ఆవిడ చూపు తగిలి ఆగాడు. “ఈవిడే కనిపెట్టింది, ఈవిడే మార్చింది. మమ్మల్ని ఆపింది కూడా ఈవిడే” అని దిద్దుకున్నాడు.

ఆవిడ ఇంటికి బయల్దేరుతూ మీటరు మీది కాగితం జాగ్రత్తగా ఒలిచి సంచీలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం గుమ్మంలో మూడు గొంతులూ యథాప్రకారం లేచాయి. ఆవిడ రెండు చెప్పులూ నిదానంగా విడిచింది. తిన్నగా కిటికీ పక్క కుర్చీలోకి వెళ్లి కూర్చుని, కాగితం భుజానికి అంటించుకుంది. కూతురు దగ్గరికొచ్చి పైకి చదివింది: “వేడి మీద ఉంది. గంటసేపు ముట్టుకోవద్దు.”

“ఇదెక్కడి విడ్డూరమే! మరి టీ?” అంది అత్తగారు.

“ఆయన పెడతారు అత్తయ్యా. నాకూ ఓ కప్పు.”

“ఎన్నాళ్లు ఈ తమాషా?” అన్నాడు భర్త.

“రోజూ. గంటయ్యాక వచ్చి చూసి అప్పుడు చెప్పండి, నాకు కోపం ఎక్కువో తక్కువో.”

భర్త వంటింట్లోకి నడిచాడు. డబ్బాలు తెరిచే, మూసే చప్పుళ్లు. తర్వాత కేక వినబడింది: “ఏమేవ్, టీపొడి ఎక్కడ?”

ఆవిడ అలవాటు కొద్దీ నోరు తెరవబోయింది. కూతురు తన చిన్న అరచెయ్యి ఆ నోటికి అడ్డం పెట్టి, వంటింటి వైపు తిరిగి అరిచింది.

“నాన్నా, ఇంకా యాభై అయిదు నిమిషాలుంది!”