శని ఏ దిక్కున ఉన్నాడు

సర్వేయరు నరసింగరావు రిటైరై నెల తిరక్కుండానే కోటబొమ్మాళిలో ఆయన అరుగు బోసిపోయింది. ముప్పై ఏళ్ళపాటు గట్టు తగాదా ఉన్నవాళ్ళంతా అక్కడే పడిగాపులు పడ్డారు. ఇప్పుడు కుక్క కూడా పడుకోవడం లేదు. ఎవరో ఒకరు వచ్చి తనను ఏదో ఒకటి అడగాలి, ఆయనకు కావలసింది అంతే. అది లేక అన్నం సయించడం లేదు.

అందుకని నక్షత్రాల మీద పడ్డాడు. విశాఖపట్నం నుంచి ఇంగ్లీషు పుస్తకం తెప్పించాడు. అందులో నెలకొక ఆకాశపటం ఉంది. అది పంతొమ్మిదివందల అరవై ఎనిమిది కార్తీకం. ఆ నెల పటం తెరవగానే ఆయనకు ఒళ్ళు మండింది. ఉత్తరం పైన సరే, తూర్పును ఎడమ పక్క, పడమరను కుడి పక్క వేశారు. ఏ పొలం పటంలోనైనా తూర్పు కుడిచేతి వైపే కదా. అచ్చుతప్పని తేల్చి, ఆఫీసులో చేసినట్టే రెండూ ఎర్రపెన్సిలుతో కొట్టేసి, దిద్ది, పక్కన పొట్టి సంతకం పెట్టాడు. ముందు ఒకసారి ఆకాశంతో సరిచూసుకోమని భార్య తాయారు చెప్పింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే మనిషికి ఆ మాట ఎక్కలేదు.

రైతు జోగయ్యకు ఏలినాటి శని నడుస్తోంది. తనను పీడించేవాడు ఎలా ఉంటాడో చూడాలని అతనికి కోరిక. మూడో సోమవారం దీపాలు పెట్టాక రమ్మని, శనిని చూపిస్తానని నరసింగరావు ఊళ్ళో చాటించాడు. పన్నెండు మంది వచ్చారు. ఆయన కడుపు నిండిపోయింది.

వాకిట్లో మంచం వాల్చి, దానిమీద పటం పరిచి, దిక్కులు సరిచూసి, మూలల్లో రాళ్ళు పెట్టి, పటంలో శని గుర్తు ఎడమ పక్కన ఉంది కనుక పడమట ఒక చుక్కను చూపించాడు. శని చూపు మంచిది కాదని జోగయ్య వేళ్ళ సందుల్లోంచి చూశాడు.

కూలికి వెళ్ళే గున్నమ్మ మాత్రం మంచం దగ్గరకు వచ్చింది.

"అది శని కాదు బాబూ. ఏటా కోతలముందు అది అక్కడే ఉంటాది. శనైతే కదలాలి కదా," అంది.

నరసింగరావు లాంతరు పట్టుకుని పటం మీద వంగాడు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ఒక వాక్యం కనబడింది. పటం కింద రాసింది చదివే అలవాటు ఆయనకు ఏనాడూ లేదు. దీన్ని తలపైకి ఎత్తి పట్టుకుని చూడాలట. నేలను పైనుంచి చూసే పటం కాదిది, ఆకాశాన్ని కిందనుంచి చూసే పటం. ఉత్తరానికి తల పెట్టి వెల్లకిలా పడుకున్నాడు. శవాన్ని పడుకోబెట్టినట్టు అదేమిటని తాయారు కంగారు పడింది. పటం మొహానికి ఎదురుగా ఎత్తేసరికి ఎడమ పక్క తూర్పయింది. అటు చూస్తే, కొబ్బరిచెట్ల పైన, మిణుకు లేకుండా పసుపుపచ్చగా శని.

"తప్పు అచ్చుది కాదు, నాదే," అన్నాడు లేస్తూ. అందరి ముందూ ఒప్పుకోవడం ఆయనకు కొత్త. సిగ్గేసింది. అయినా శని దొరికినందుకు సంతోషమూ కలిగింది.

జోగయ్య శనివైపు చూడనేలేదు. ఆయన కేసే చూస్తూ మెల్లగా అడిగాడు.

"అయితే బాబూ, మా గట్టు కొలిసినప్పుడు పటం ఎలగ పట్టుకున్నారు?"

ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్కరే లేచి ఇళ్ళకు పోయారు.

తెల్లవారేసరికి పాత పొలం పటాలు చంకన పెట్టుకుని ముప్పై మంది వచ్చి అరుగు మీద కూర్చున్నారు. నరసింగరావు తలుపు సందులోంచి చూసి, తాను ఊళ్ళో లేనని చెప్పమని తాయారును బతిమాలుకున్నాడు.