దింపు ఆగిన కాలనీ

బిచ్చగాళ్ళను మున్సిపాలిటీ వ్యాన్‌లోకి ఎక్కించడం నేను కళ్ళారా చూశాను. అమలాపురం శివారులో కొబ్బరితోట నరికి కట్టిన నందనం కాలనీ గేటు ముందు, పట్టపగలు. మొత్తం ఎనిమిది మంది, పంటకాలువ తూము పక్కన టార్పాలిన్ కింద బతికేవాళ్ళు. గోదావరి కోతలో ఇల్లు పోయిన ముసలి చిన్నమ్మలును జబ్బ పట్టుకుని ఈడ్చారు. నడుము విరిగిన ధర్మరాజును కాయల బస్తాలా లోపలికి విసిరారు. మేడల మీంచి కొందరు ఫోన్లలో వీడియో తీసుకున్నారు.

మేం దింపు కార్మికులం. ఆ కాలనీ ఇళ్ళ ఆవరణల్లో మిగిలిన కొబ్బరిచెట్లెక్కి, నలభై అయిదు రోజులకోసారి కాయ దింపేది మేమే. ధర్మరాజూ ఒకప్పుడు మాలో ఒకడు. కాలనీ ప్రెసిడెంటు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారి పెరట్లో, వాన తడి ఆరని చెట్టు మీంచి పడ్డాడు. పడ్డవాడిని ఆయన గేటు బయటికి జరిపించాడు, అంతే.

వ్యాన్ కదిలిన వేళ మాలో ఒక్కరూ అడ్డు పడలేదు. ఎందుకో సిగ్గయినా చెప్పాలి. చెట్టు మీంచి పడ్డవాడి ముఖం చూసి చెట్టెక్కితే చెయ్యి జారుతుందని మాలో ఒక పట్టింపు. అది తెలిసే ధర్మరాజు పొద్దున్నే మేం వస్తుంటే తువ్వాలు ముఖం మీదికి లాక్కునేవాడు. అదీ చాలలేదు మాకు. వాళ్ళను గేటు దగ్గర ఉండనివ్వొద్దని ప్రెసిడెంటు మున్సిపాలిటీకి రాయించిన అర్జీ మీద మేమూ సంతకాలు పెట్టాం. నాది మూడోది.

మూడో రోజు చిన్నమ్మలు ఒక్కతే నడిచి తిరిగొచ్చింది. ఐ.పోలవరం అవతల రొయ్యల చెరువు గట్టు మీద వదిలేసి పోయారట. ధర్మరాజు లేవలేక అక్కడే పడి ఉన్నాడని టీ బడ్డీ దగ్గర మా మధ్య నిలబడి చెప్పింది. పాపమే గానీ మన ప్రాణాలూ చూసుకోవాలి కదా అన్నాడు కనకరాజు, మాలో అందరికంటే చురుకైనవాడు.

"నీకు మోకు కట్టడం ఎవరు నేర్పేరు నాయనా?" అంది చిన్నమ్మలు. "రేపు నువ్వూ పడతావు. అప్పుడు నీ ముఖానికి తువ్వాలు ఎవరిత్తారు?"

చెట్టెక్కే ఆ తాడు కనకరాజుకు మొదట కట్టి చూపించింది ధర్మరాజే. వెళ్ళి వాళ్ళను తెచ్చుకుందామన్నాను. మాటా మాటా పెరిగింది. పని మానితే పొయ్యి వెలగదని ఒకరు, ముసలాళ్ళ కోసం గొడవెందుకని ఇంకొకరు. నాకు ఒళ్ళు మండింది. మనల్ని పడేసేది ధర్మరాజు ముఖం కాదు, తడి చెట్టెక్కమని తరిమే ఆ కాలనీ వాళ్ళ నోళ్ళు అని అరిచాను. అప్పుడు లేచారు. ఆటోల్లో వెళ్ళి మిగిలిన ఏడుగురినీ తెచ్చాం.

మర్నాడు గేటు ముందు ధర్మరాజును మంచం మీద కూర్చోబెట్టాం. ఒక్కొక్కరం వచ్చి అతని ముఖం తేరిపార చూసి, మోకూ కత్తీ అతని కాళ్ళ దగ్గర పెట్టాం. ఈ ఎనిమిది మందికీ ఇళ్ళ స్థలాలు ఇప్పించేదాకా దింపు లేదన్నాం.

"మీరే కదయ్యా సంతకాలు పెట్టేరు," అన్నాడు ప్రెసిడెంటు.

"ఆయ్, పెట్టేమండి. బుద్ధి లేక పెట్టేం," అన్నాడు కనకరాజు. "ఇప్పుడొచ్చిందండి."

ప్రెసిడెంటు పలివెల నుంచి వేరే దింపు వాళ్ళను పిలిపించాడు. వాళ్ళు గేటు దాకా వచ్చి, సంగతి విని, తమ మోకులూ అక్కడే పెట్టారు. రెండు నెలలు గడిచాయి. ఎండుకాయలు వాటంతటవే రాలసాగాయి. ఒకటి ప్రెసిడెంటు కారు అద్దం పగలగొట్టింది. గంటలో పోలీసులు దిగారు. ధర్మరాజు చెట్టెక్కి కాయ విసిరాడని కేసు. లేచి నిలబడలేని మనిషి మీద! రాసిన చేతికి సిగ్గు లేదు.

జీపులోకి ఎత్తుతుంటే ధర్మరాజు అలవాటుగా తువ్వాలు ముఖం మీదికి లాక్కున్నాడు. కనకరాజు పోలీసుల మధ్యకు దూరి దాన్ని తీసేశాడు.

"కప్పుకోకు బాబాయ్. అందరం చూత్తాం."

లాఠీ దెబ్బలు పడినా కనకరాజు తువ్వాలు వదల్లేదు. జీపు వెనకే మేం, పలివెల వాళ్ళు, చిన్నమ్మలు, తూము పక్క వాళ్ళు స్టేషను దాకా నడిచాం. మర్నాడు ఈ సంగతి విని, దూరాన అప్పనపల్లి తోటల్లో కూడా ఎవరూ చెట్టెక్కలేదు.